ఉప్పునీటికి నిలిచే చెక్క పాపర్ ఎలా చేసుకోవాలి

పాపర్ అంటే నీటి మీద తేలుతూ, లాగినప్పుడు చప్పుడు చేసే ఎర. చెరువులో కొరమీనుకు వేసే చెక్క ఎరకీ, విశాఖ తీరంలో రాళ్ళ మీద నిలబడి పార చేపకు విసిరే చెక్క ఎరకీ పైకి పెద్ద తేడా కనపడదు. తేడా అంతా లోపలే. చెరువు ఎరకు మొనలో ఒక స్క్రూ హుక్కు, తోకలో ఇంకొకటి బిగిస్తే సరిపోతుంది. సముద్రంలో అది చెల్లదు. బలమైన పార ఒక్క గుంజు గుంజితే స్క్రూ చెక్కలోంచి ఊడి వస్తుంది. ఊడకపోయినా ఆ స్క్రూ మరల సందులోంచి ఉప్పునీరు దూరుతుంది, చెక్క ఉబ్బుతుంది, పైపూత పగులుతుంది.

కాబట్టి రెండు విషయాల్లో రాజీ పడకండి. లైన్ కట్టే కన్ను (తీగను వంచి చేసిన ఉంగరం) నుంచి తోక హుక్ దాకా ఒకే తీగ సాగాలి. నీరు చెక్కను ఏ మూలా తాకకూడదు. ఈ రెండూ కుదిరాక ఎర పనితనమంతా బరువు మీదే ఆధారపడుతుంది: ఎంత బరువు, ఏ చోట. రంగు చివరి పని. బరువు సరిపడని ఎరకు ఎంత అందమైన రంగు వేసినా అది నీళ్ళలో పక్కకు పడుకునే ఉంటుంది. రంగు వేశాక దాన్ని సరిచేయాలంటే మళ్ళీ గీకడమే దారి.

ఇక్కడ చెప్పేది 140 మిల్లీమీటర్ల పాపర్ గురించి. దీని మూతి గుంటగా ఉంటుంది. లాగినప్పుడు ఆ గుంట నీటిని ముందుకు తోసి గుబుక్కుమనే చప్పుడు చేస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళకు ఇదే తగినది. నాలుక బిగించిన మిన్నో (చిన్న చేప ఆకారపు ఎర) రకంలో నాలుక కోణం రెండు డిగ్రీలు తేడా వచ్చినా ఎర పక్కకు పరిగెడుతుంది. పాపర్ అంత పట్టింపు పెట్టదు. పూర్తయ్యాక ఇది 70 గ్రాముల పైచిలుకు తూగుతుంది, 60 నుంచి 100 గ్రాములు విసిరే రాడ్ కావాలి. మీ రాడ్ అంతకన్నా చిన్నదైతే ప్రతి కొలతనూ 0.85తో గుణించండి. పొడవు 119కి తగ్గుతుంది, బరువు మాత్రం దాదాపు 44 గ్రాములకు పడిపోతుంది. మూడు దిశల్లోనూ తగ్గుతుంది కాబట్టి బరువు అంత వేగంగా దిగుతుంది. హుక్‌లు కూడా ఆ మేరకు చిన్నవి పెట్టాలి.

చెక్క

నార తిన్నగా ఉండాలి, ముడులు ఉండకూడదు, పూర్తిగా ఆరి ఉండాలి. వీటికన్నా ముఖ్యం, దాని సాంద్రత ఎంతో మీకు తెలిసి ఉండాలి. ఈ పాపర్‌కు ఘన సెంటీమీటరుకు 0.40 నుంచి 0.50 గ్రాముల మధ్య తూగే చెక్క కావాలి. సామిల్లుల్లో దొరికే గుమ్మడి టేకు, మలబారు వేప సాధారణంగా ఆ దరిదాపుల్లో ఉంటాయి. యంత్రాలు వచ్చే పెట్టెల పైన్ చెక్కలో ముడులు లేని ముక్క ఏరుకున్నా పనికొస్తుంది. పేరును నమ్మొద్దు, తూచి చూడండి. 100 × 40 × 40 మిల్లీమీటర్ల దిమ్మె కోస్తే అది 160 ఘన సెంటీమీటర్లు. వంటింటి త్రాసు మీద 72 గ్రాములు చూపితే సాంద్రత 0.45.

టేకు మన్నికైనదే, కానీ బరువు. 0.65 దగ్గర ఉండే టేకుతో ఈ పాపర్ ఎందుకు కుదరదో కింద లెక్కలో తెలుస్తుంది. పైగా టేకులో నూనె ఉంటుంది. అసిటోన్‌తో తుడవకుండా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పూస్తే తర్వాత పొరలా లేచిపోతుంది. మునిగే స్టిక్‌బెయిట్‌కు (కర్రలా పొడుగ్గా, నాలుక లేకుండా ఉండే ఎర) మాత్రం టేకు బాగుంటుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొనికి చాలా తేలిక, చాలా మెత్తన. చెక్కడానికి హాయిగా ఉంటుంది గానీ చేప పళ్ళు లోతుగా దిగుతాయి, ఆ గాట్లలోంచే నీరు పోతుంది. సముద్రానికి వద్దు.

ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర సంగతి వేరు. నార సన్నన, లేతు యంత్రం మీద నునుపుగా తిరుగుతుంది, అంచులు చిట్లవు. మీరు అనకాపల్లి, విశాఖ వైపు ఉంటే కొలతల బొమ్మ గీసి అక్కడి కళాకారుల చేత ఒడలు (ఎర శరీరాలు) తిప్పించుకోవచ్చు, చేతితో చేసిన దానికన్నా గుండ్రంగా వస్తాయి. ఒక్క మాట ముందే చెప్పండి: లక్క పూత వేయొద్దని. లక్క రంగులు బొమ్మలకు ప్రాణం, కానీ నీళ్ళలో నానితే లక్క తెల్లబారుతుంది, ఎండకు మెత్తబడుతుంది. దాని మీద ఎపాక్సీ నిలవదు.

ఆరిందో లేదో చూడటానికి దిమ్మెను వారానికొకసారి తూచండి. వరుసగా మూడు వారాలు ఒకే బరువు చూపితే ఆరినట్టే. పచ్చి చెక్కకు పూత వేస్తే లోపలి తేమ బయటికి రాలేక పూత కింద మసకలా పేరుకుంటుంది, ఆ తర్వాత చెక్క కుంచించుకుని పూత చిట్లుతుంది.

ముందు రంధ్రాలు, తర్వాతే ఆకారం

గుండ్రంగా చెక్కాక నడిబొడ్డున తిన్నగా రంధ్రం వేయడం దాదాపు అసాధ్యం. చతురస్రంగా ఉన్నప్పుడే అన్ని రంధ్రాలూ వేసేయాలి.

150 × 38 × 38 కొలతతో దిమ్మె కోయండి. రెండు కొసల్లోనూ ఐదేసి మిల్లీమీటర్లు అదనం, అవి చివర కోసేసేవి. మూలమట్టంతో పట్టి చూడండి, కొసలు కచ్చితంగా 90 డిగ్రీలు ఉండాలి. కొసల మీద మూల నుంచి మూలకు గీతలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం. నాలుగు పక్కలా మధ్య గీత గీయండి. ఒక పక్కను పొట్ట అని రాసుకోండి, ఒక కొసను మూతి అని రాసుకోండి.

తీగ రంధ్రం 3 మిల్లీమీటర్లు. దీనికి పొడుగు బిట్ కావాలి, కనీసం 100 మిల్లీమీటర్లు లోపలికి పోయేది. డ్రిల్ స్టాండ్ కింద ఒక పలక బిగించి, బిట్ కొనకు సరిగ్గా కింద వచ్చేలా పలకలో ఒక మేకును మొన పైకి ఉండేలా దిగగొట్టండి. దిమ్మె కింది కొస కేంద్రాన్ని ఆ మేకు మొన మీద ఆనించి, పై కొస కేంద్రంలోంచి బిట్ దింపండి. తర్వాత తిరగేసి రెండో కొస నుంచి వేయండి. ప్రతి పది మిల్లీమీటర్లకూ బిట్ పైకి తీసి పొట్టు దులపాలి. పొట్టు ఇరుక్కుంటే బిట్ వేడెక్కి నార వెంట పక్కకు జారుతుంది. మూతి వైపు నుంచి 65, తోక వైపు నుంచి 85 లోతు వేస్తే రెండు రంధ్రాలూ కలిసే చోటు పొట్ట రంధ్రంలో పడుతుంది. అప్పుడు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా తీగకు అడ్డు రాదు.

పొట్ట రంధ్రం మూతి కొస నుంచి 65 మిల్లీమీటర్ల దగ్గర, 10 మిల్లీమీటర్ల వ్యాసం, 23 లోతు. ఇందులో స్వివెల్ (రెండు కొసల్లో కళ్ళుండి మెలిపడకుండా తిరిగే లోహపు కీలు) కూర్చుంటుంది.

సీసం కోసం పొట్ట వైపే మూడు రంధ్రాలు వేయాలి. తోక కొస నుంచి 25, 37, 49 మిల్లీమీటర్ల దగ్గర, 8 మిల్లీమీటర్ల వ్యాసం, 16 లోతు. పదహారుకు మించొద్దు. దిమ్మె పక్క నుంచి కేంద్రం 19 మిల్లీమీటర్లు, అందులో తీగ రంధ్రం సగం ఒకటిన్నర పోతే మిగిలేది ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ మాత్రమే. బిట్‌కు 16 దగ్గర టేపు చుట్టుకుంటే చెయ్యి జారదు.

పొడుగు బిట్ దొరక్కపోతే ఇంకో పద్ధతి ఉంది. ఆకారం చెక్కాక పొట్ట వైపు నుంచి కేంద్రం దాకా రంపంతో నిలువునా ఒక గాటు కోసి, ముందే మూడు కళ్ళు చుట్టిన తీగ చట్రాన్ని అందులో కూర్చోబెట్టి, పైన సన్న చెక్క పట్టీ పెట్టి ఎపాక్సీతో నింపేయవచ్చు. బలంలో లోటుండదు. తీగ ఎప్పటికైనా వంగితే మార్చుకోలేం, అదొక్కటే ఇబ్బంది.

ఆకారం

మూతి దగ్గర వ్యాసం 34, తోక దగ్గర 20, మధ్యలో తిన్నటి వాలు. అట్ట మీద ఈ ఆకారం కత్తిరించుకుని ముందు పక్కల నుంచి, తర్వాత పైనుంచి గీసి, రంపంతో కోసి చిత్రిక పట్టండి. ఇప్పుడది నాలుగు పలకల వాలు దిమ్మె. దీన్ని ఎనిమిది పలకలు చేయడానికి ప్రతి అంచు నుంచి ఆ చోటి వెడల్పులో 0.29 వంతు దూరాన గీత గీయాలి. మూతి దగ్గర అది 10 మిల్లీమీటర్లు, తోక దగ్గర 6. ఆ గీతల దాకా మూలలు తీసేస్తే ఎనిమిది సమానమైన పలకలు వస్తాయి. వాటి అంచులూ తీస్తే పదహారు. ఆపై 80 నంబరు గరుకు కాగితాన్ని పట్టీలా చింపి, బూట్లు తుడిచినట్టు అటూ ఇటూ లాగితే గుండ్రం అవుతుంది. తర్వాత 150, 240. ఆకురాయితో నేరుగా గుండ్రం చేయబోతే ఒక పక్క పల్లమై ఎర గిరగిరా తిరుగుతుంది.

రెండు కొసల్లో అదనపు ముక్కలు కోసేసి తోక అంచును గుండ్రం చేయండి. మూతి గుంటకు 40 మిల్లీమీటర్ల బంతి కావాలి. చెక్క బంతికి 80 నంబరు కాగితం ముక్కలు అంటించి, డ్రిల్‌కు బిగించి నెమ్మదిగా ఆనించండి. 6 మిల్లీమీటర్ల లోతు దిగితే గుంట వెడల్పు 28 దాటుతుంది, చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు అంచు మిగులుతుంది. గుంట లోతైతే చప్పుడు బరువుగా ఉంటుంది, లాగే చేతికి శ్రమ ఎక్కువ. నాలుగు మిల్లీమీటర్లతో ఆపితే నీటిని పైకి చిమ్ముతుంది, వేగంగా లాగొచ్చు. ఆరు మధ్యస్థం. అంచును రెండు మిల్లీమీటర్ల కన్నా పలచన చేయొద్దు, మొదటి రాయికే చిట్లుతుంది.

చెక్క పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్క్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

బరువు లెక్క

ఎర మొత్తం బరువు, అది పక్కకు తోసే నీటి బరువులో పదింట తొమ్మిది వంతులు ఉండాలి. అంతకన్నా తేలికైతే గాలికి ఎగురుతుంది, అలల మీద దొర్లుతుంది. బరువెక్కితే లాగడం ఆపగానే మునుగుతుంది.

ముందు ఒడలు ఘనపరిమాణం తెలియాలి. సూత్రాలు అక్కర్లేదు. మొదట రంధ్రాలన్నిటికీ టేపు అతికించండి. నీళ్ళున్న పొడుగు జగ్గును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. ఒడలుకు సన్న సూది గుచ్చి, జగ్గు గోడలకూ అడుగుకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు ఎన్ని గ్రాములు చూపితే అన్ని ఘన సెంటీమీటర్లు. ఈ కొలతలకు అది 77 దగ్గర వస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా రెండు, రెండున్నర శాతం బరువు కాబట్టి తోసే నీరు 79 గ్రాములు. అందులో పదింట తొమ్మిది వంతులంటే 71.

ఇప్పుడు ఖర్చు రాయండి. 0.45 సాంద్రత చెక్క 35 గ్రాములు. తీగ 4. స్వివెల్ 2. స్ప్లిట్ రింగులు (హుక్ తగిలించే, తాళంచెవుల రింగు లాంటివి) రెండు కలిపి 2. 2/0 సైజు బలమైన ట్రెబుల్ (మూడు మొనల) హుక్‌లు రెండు కలిపి 14. రంగు, పూత 4. మొత్తం 61. మిగిలిన 10 గ్రాములే మీరు పెట్టుకోగల సీసం. హుక్‌ల బరువు కంపెనీని బట్టి మారుతుంది, మీ దగ్గరున్నవి తూచి రాసుకోండి.

ఇదే లెక్క టేకుతో వేయండి. చెక్కే 50 గ్రాములు. సీసం పెట్టకుండానే 76కు చేరిపోతుంది. తోకలో బరువు పెట్టే వీలే లేదు, అంటే తోక దిగదు, మూతి గుంట నీటిని పట్టదు. 0.30 చెక్క అయితే 20 గ్రాములకు పైగా సీసం పడుతుంది, విసురు బాగా పోతుంది, కానీ ఆ చెక్క పంటికి ఆగదు. అందుకే 0.40, 0.50 మధ్య అన్నది.

సీసం తోక వైపు ఎందుకంటే, ఈ ఆకారంలో నీరు పైకి ఎత్తే బలం మూతి నుంచి సుమారు 60 మిల్లీమీటర్ల దగ్గర కేంద్రీకృతమవుతుంది. అన్నీ బిగించాక ఎర తూగే చోటు 80 దగ్గర ఉండాలి. ఆ 20 మిల్లీమీటర్ల ఎడమే తోకను కిందికి దించి మూతిని నీటి అంచున నిలబెడుతుంది. ఒక స్కేలు అంచు మీద ఎరను ఆనించి చూస్తే ఆ చోటు తెలిసిపోతుంది. విసిరినప్పుడు గాలిలో బొంగరంలా తిరగకుండా కాపాడేదీ ఈ తోక బరువే.

సీసం కరిగించి పోయనక్కర్లేదు. విసురు వలకు కట్టే సీసపు గుండ్లు కొని, తూచి, సుత్తితో సాగగొట్టి, రంధ్రాల్లో దూరే ముక్కలుగా కోయండి. చెక్కలో కరిగిన సీసం పోస్తే తేమ ఆవిరై సీసం చిమ్మే ప్రమాదం ఉంది, ఆ పొగ విషం. చల్లని సీసం ముట్టుకున్నా పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

మొదటి పూత, తర్వాత బకెట్ పరీక్ష

బరువు పరీక్షకు ముందే చెక్కకు నీరు ఎక్కకుండా చేయాలి. పలచగా పారే ఎపాక్సీ తీసుకోండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఆరల్డైట్ అంటించడానికి మంచిది, పూతకు మరీ చిక్కన. రెండు భాగాల పాళ్ళు డబ్బా మీద బరువులో చెప్పారా, పరిమాణంలో చెప్పారా చూసుకోండి. ఒకదాని బదులు ఇంకోటి కొలిస్తే ఎపాక్సీ ఎన్నాళ్ళైనా జిగురుగానే ఉండిపోతుంది.

ఒడలును గంటసేపు ఎండలో వేడెక్కనిచ్చి, నీడకు తెచ్చి, అప్పుడు ఎపాక్సీ పూయండి. చెక్క చల్లారుతూ లోపలి గాలి కుంచించుకుని ఎపాక్సీని నారలోకి పీల్చుకుంటుంది. దీన్నే తిరగేసి, పూశాక ఎండలో పెడితే గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి వస్తుంది. ప్రతి బుడగా ఒక కన్నమే. రెండు కొసల్లో నార తెరుచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ రెండుసార్లు పూయాలి.

ఎరలు ఎక్కువగా కుళ్ళేది పైనుంచి కాదు, రంధ్రాల లోపలి నుంచి. పొట్ట రంధ్రం, సీసం రంధ్రాలు ఇయర్‌బడ్‌తో తడపండి. తీగ రంధ్రంలోకి ఎపాక్సీలో ముంచిన నూలు పేలికను సన్న తీగకు కట్టి రెండుసార్లు లాగండి. గట్టిపడ్డాక 3 మిల్లీమీటర్ల బిట్‌ను చేత్తోనే తిప్పుతూ ఒకసారి పోనిస్తే దారి శుభ్రమవుతుంది. ఆ చేత్తో తిప్పినప్పుడు పూత గీసుకుపోయిందనిపిస్తే మళ్ళీ ఒక పలచని పూత.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువైతే ఎపాక్సీ మీద జిడ్డుపొర తేలుతుంది, దాని మీద వేసిన రంగు పెచ్చులూడుతుంది. ఎప్పుడైనా అలా కనపడితే గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, 240 కాగితంతో రుద్దాకే ముందుకు వెళ్ళండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. బోటు మీద వేటకు వెళ్ళేవాళ్ళకు పూతలకు అనువైన ఎండలు ఆ రోజుల్లోనే దొరుకుతాయి.

ఇక పరీక్ష. బకెట్ నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపండి. తీగ దూర్చి (అది చేసే తీరు కింద ‘తీగ’ భాగంలో ఉంది), స్వివెల్, రింగులు, హుక్‌లు తగిలించి, సీసం ముక్కలు రంధ్రాల్లో పెట్టి పైన టేపు అతికించి వదలండి. రంగు, పూతల బరువు ఇంకా పూర్తిగా చేరలేదు కాబట్టి రెండు మూడు గ్రాముల సీసాన్ని పైన టేపుతో అంటించి వాటికి బదులు లెక్క కట్టుకోండి.

తోక దిగి, మూతి రెండు మూడు సెంటీమీటర్లు బయట ఉండి, ఒడలు ఏటవాలుగా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. వీపు కిందికి తిప్పి వదిలినా వెంటనే పొట్ట కిందికి రావాలి. పక్కకు పడుకుంటే సీసం రంధ్రంలో పైకి, అంటే కేంద్రం వైపుకు ఉందన్నమాట, పొట్ట అంచుకు దగ్గరగా జరపండి. అడ్డంగా తేలితే ముందు రంధ్రంలోని ముక్క తీసి తోక రంధ్రంలో వేయండి. పూర్తిగా నిటారుగా నిలబడి మొన మాత్రమే కనపడితే తోకలో రెండు గ్రాములు తగ్గించండి. అలా నిటారుగా నిలబడే ఎర లాగినప్పుడు ముందు పడుకోవడానికే సగం దూరం తినేస్తుంది.

కుదిరాక సీసాన్ని ఎపాక్సీతో బిగించి, పైన రెండు మిల్లీమీటర్లు చెక్క పొడి కలిపిన ఎపాక్సీ ముద్దతో పూడ్చి, నునుపు చేయండి.

రంగు

మొత్తం మీద తెల్ల ప్రైమర్, ఆపై యాక్రిలిక్ రంగులు. కవ్వళ్ళలా చేయాలంటే పొట్ట వెండి, వీపు నీలి ఆకుపచ్చ. కానాగంత అయితే వీపు మీద ముదురు వంకర చారలు. పాత దోమతెర ముక్కను ఒడలు చుట్టూ బిగించి స్ప్రే చేస్తే పొలుసులు వస్తాయి. కింది నుంచి చూసే చేపకు ఆకాశం ముందు నల్లటి నీడే ఎక్కువగా కనపడుతుంది కాబట్టి చారల కోసం రోజులు పోగొట్టుకోనక్కర్లేదు. తెల్లవారకముందు విసిరే వాటికి పొట్ట ముదురుగా ఉన్నా నష్టం లేదు. పది మిల్లీమీటర్ల అంటు కళ్ళు రంగు మీద, పైపూతకు ముందు.

రంగు ఒక రోజు ఆరాక పారదర్శక ఎపాక్సీ రెండు పలచని పూతలు, లేదా ఫర్నిచర్‌కు వాడే రెండు భాగాల పీయూ (పాలీయురేథేన్) మూడు పూతలు. ఎపాక్సీ వేశాక మొదటి గంట ప్రతి ఐదు నిమిషాలకు తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్క బొట్టులా వేలాడి బరువు పక్కకు పోతుంది. ముట్టుకోవడానికి ఒక రోజు, నీళ్ళలో వేయడానికి వారం ఆగండి.

తీగ

గట్టి స్టెయిన్‌లెస్ తీగ, 16 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్లు. 316 రకం అడగండి, 304 ఉప్పుకు చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. చేత్తో తేలిగ్గా వంగే మెత్తని తీగ వద్దు, చేప బరువుకు కన్ను తెరుచుకుంటుంది. కంచెలకు వాడే జీఐ తీగ సముద్రంలో ఎక్కువ కాలం నిలవదు.

260 మిల్లీమీటర్లు కోయండి. ముందు తోక కన్ను: గుండ్రటి మొన పట్టకారు చుట్టూ తిప్పి, కాండం చుట్టూ నాలుగు చుట్లు బిగుతుగా, ఒకదాని పక్కన ఒకటి. మిగులు మొనను ఆకురాయితో నునుపు చేయండి. తీగను తోక నుంచి దూర్చి, పొట్ట రంధ్రంలో స్వివెల్ లోపలి కన్ను గుండా పోనిచ్చి, మూతి గుంటలోంచి బయటికి తీయండి. స్వివెల్ 25 మిల్లీమీటర్లది అయితే బయటి కన్ను హుక్ తగిలించుకునేంత బయటికి వస్తుంది. మూతి, తోక రంధ్రాల్లో చిన్న ఇత్తడి గొట్టం ముక్కలు ఎపాక్సీతో బిగిస్తే తీగ చెక్కను కోయదు. ఇప్పుడు మూతి కన్ను చుట్టండి, వదులు లేకుండా. తీగ ముందుకూ వెనక్కూ కదిలితే ఆ రాపిడికి లోపలి పూత అరిగిపోతుంది. తీగ కోసేటప్పుడు, చుట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

హుక్‌లకు ముందు రింగుల బలం చూసుకోండి. లీడర్ (లైన్ చివర ఎరకు ముందు కట్టే మందపాటి దారం) 80 పౌండ్లదైతే రింగు 100 పౌండ్లకు తక్కువ ఉండకూడదు. పొట్ట హుక్‌ను మూతి వైపు తిప్పి చూడండి, మొనలు లైన్ కన్నును అందుకోకూడదు. తోక వైపు తిప్పితే తోక కన్నును తాకకూడదు. తాకితే హుక్ ఒక సైజు తగ్గించాలి. చేపను తిరిగి వదిలే అలవాటుంటే తోకలో ట్రెబుల్ బదులు ఒంటి హుక్ పెట్టి, ముళ్ళు పట్టకారుతో నొక్కేయండి. అప్పుడు తోక బరువు మారుతుంది కాబట్టి ఆ హుక్‌తోనే బకెట్ పరీక్ష చేసి ఉండాలి.

నీళ్ళలో

మొదటి విసుర్లు మొనలు కోసేసిన పాత హుక్‌లతో వేయండి, బరువు అంతే ఉంటుంది, ప్రమాదం ఉండదు. వెనక ఎవరూ లేరని చూసుకున్నాకే. రాడ్‌ను 40, 50 సెంటీమీటర్లు గట్టిగా గుంజి, రెండు మూడు సెకన్లు ఆగి, వదులు లైన్ చుట్టుకుని మళ్ళీ గుంజాలి.

లాగినప్పుడు మూతి కిందికి దూసుకుపోతే లైన్ కన్ను గుంట మధ్యకన్నా పైకి వంగి ఉంది, పట్టకారుతో ఒక మిల్లీమీటరు కిందికి దించండి. నీటిని వదిలి గాల్లోకి ఎగిరితే తోక తేలికై ఉంటుంది, లేదా కన్ను మరీ కిందికి ఉంటుంది. గిరగిరా తిరిగి లైన్ మెలిపడితే గుంట ఒక పక్క లోతుగా ఉందేమో, ఒడలు ఒక పక్క పల్లంగా ఉందేమో కొలవండి. గుంటను సరిచేయవచ్చు, పల్లమైన ఒడలును మాత్రం పక్కన పెట్టి ఇంకోటి చెక్కడమే మేలు. చప్పుడు రాకుండా బుడగలు మాత్రమే వస్తే గుంజుడు నెమ్మది, లేదా లైన్ వదులుగా ఉంది. అది ఎర తప్పు కాదు.

వంజరం తిరిగే చోట లీడర్ చివర 15, 20 సెంటీమీటర్ల స్టీల్ ట్రేస్ (పళ్ళకు తెగని తీగ ముక్క) కావాలి, దాని పళ్ళు నైలాన్‌ను కత్తెరలా కోస్తాయి. ట్రేస్ బరువుకు మూతి కొంచెం దిగుతుంది, ఎప్పుడూ ట్రేస్‌తోనే వేసేవాళ్ళు తోక సీసం ఒక గ్రాము పెంచుకోవాలి.

ఇంటికి వచ్చాక మంచినీళ్ళలో పది నిమిషాలు ఉంచి, పొట్ట రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీసి ఆరబెట్టండి. పంటి గాట్లు చెక్క దాకా దిగాయేమో చూడండి. దిగితే ఆ చోట రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి, ఎపాక్సీ బొట్టుతో మూసేయండి. తడి ఉండగానే మూస్తే నీరు లోపలే ఉండిపోతుంది. త్రాసు ఇక్కడా పనికొస్తుంది: కొత్తలో ఎర బరువు రాసి పెట్టుకోండి. ఆరబెట్టాక రెండు గ్రాములు పెరిగిందంటే ఎక్కడో కన్నం పడింది, హుక్‌లు విప్పి వెతకండి, ఎక్కువసార్లు అది పొట్ట రంధ్రం లోపలి గోడే అయి ఉంటుంది.